తెల్ల చుక్క కోసం మంచులో

పవర్ బటన్ అరిగిపోతుందని మా ఆయన ఫోన్ తెరమీద తేలే తెల్ల చుక్కొకటి పెట్టిచ్చారు. లాక్, సౌండ్, స్విచాఫ్ అన్నీ దానితోనే. రెండేళ్లుగా బటన్ ముట్టుకోలేదు.

నిరుడు చలికాలం, ఎనిమిది నెలల మా పాపకు జ్వరం వచ్చి, లంకలోని పుట్టింటి నుంచి పంటు మీద గోదావరి దాటుతున్నాను. పంటు ఎక్కగానే నన్ను ఫోన్ చెయ్యమని, చేస్తే ఆస్పత్రికి తీసుకెళ్లడానికి అవతలి రేవుకి బండి తెస్తానన్నారు మా ఆయన. చార్జింగ్ తక్కువుందని అప్పటిదాకా వాడకుండా ఇంట్లోనే ఫోన్ ఆపేశాను.

పొగమంచులో రెండు గట్లూ మాయమయ్యాయి. నీళ్లమీదో, మబ్బులమీదో వెళ్తున్నట్టుంది. పాప ఒళ్లు కాలిపోతోంది. నల్లటి తెరమీద చుక్క కోసం వేలితో వెతుకుతూనే ఉన్నాను.

"ఏంటమ్మా, అద్దం తుడుస్తున్నావా?" అన్నారు పక్కనున్న చేపలబుట్ట మామ్మగారు.

"చుక్క కనబడట్లేదండీ. ఫోన్ పాడైపోయింది."

"పక్కన బటనుందిగా, నొక్కు!"

"అరిగిపోతుందండీ," అన్నాను ఏడుస్తూ.

"అరగనీవే తల్లీ! ముందు పిల్ల సంగతి చూడు."

మంచులో మొహాలు కనబడలేదు గానీ నవ్వులు మాత్రం నలువైపులా వినిపించాయి. సిగ్గుతో నొక్కి పట్టుకున్నాను. తెర వెలిగింది. వెంటనే ఆయనకి ఫోన్ చేశాను. పంటు ఆగేసరికి మా ఆయన రేవులో ఉన్నారు.

పాపకు ఆ సాయంత్రమే జ్వరం తగ్గింది. ఇప్పుడది ఆ బటన్‌ని టకటకా నొక్కుతూ ఆడుకుంటుంది. అరిగితే అరగనీ అనుకుంటాను.