మగ్గం పలక మీద ఇద్దరు: కాశిబుగ్గలో ఒక పూట

నా ఫ్లాట్‌లో నేల మీద ఒక జంపఖానా ఉంది. నీలం, తెలుపు చారలు, మధ్యలో మెట్లమెట్లుగా దిగే ముగ్గు. బెంగళూరులో దాన్ని అమ్మిన దుకాణాయన "వరంగల్‌దమ్మా ఇది. ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు, సగం ఒకరు, సగం ఒకరు" అన్నాడు. నేను నమ్మలేదు. ఇంటికొచ్చి బోర్లా పడుకుని మరీ అతుకు కోసం వెతికాను, దొరకలేదు. నేను పదేళ్ళుగా ఒంటరిగా ఉంటున్నదాన్ని. సినిమాకైనా, ఊరికైనా ఒక్కదాన్నే వెళ్తాను. ఆఫీసులో పదిమందితో కలిసి ఒక్క పేజీ రాయాలన్నా ముందురోజే నాకు తలనొప్పి మొదలవుతుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని గట్టిగా నమ్మేదాన్ని. అలాంటిది ఇద్దరు మనుషులు ఎవరి పని ఎక్కడ ఆగిందో తెలియకుండా నేస్తారంటే ఇందులో ఏదో మోసం ఉండాలి. హైదరాబాద్‌లో ఆఫీసు పని పడగానే ఒక రోజు సెలవు కలుపుకుని, ఆ మోసం పట్టుకోవడానికి బయల్దేరాను.

ఉదయం ఆరున్నరకు ఉప్పల్‌లో ఆర్టీసీ సూపర్ లగ్జరీ ఎక్కాను. టికెట్ మూడు వందల చిల్లర, ప్రయాణం మూడు గంటలు. రైలైతే ఇంకా చవక, సికింద్రాబాద్ నుంచి రెండున్నర గంటల్లోపే దింపేస్తుంది, కానీ నాకు రోడ్డు వారనే ఊళ్ళు, చాయ్ కొట్లు కావాలి. రఘునాథపల్లి దగ్గర డ్రైవర్ ఐదు నిమిషాలు బస్సు ఆపితే పదిహేను రూపాయల చాయ్ తాగాను. ఆ ఐదు నిమిషాల్లోనే పక్క సీటు పెద్దావిడ నా పేరు, ఊరు, జీతం, పెళ్ళి ఎందుకు కాలేదన్న సంగతి అన్నీ అడిగేసింది. మామూలుగా అయితే ఇలాంటి ప్రశ్నలకు నాకు ఒళ్ళు మండుతుంది. ఆరోజు చాయ్ బాగుంది కాబట్టి జీతం ఒక్కటి దాచి మిగతావన్నీ చెప్పాను.

వరంగల్ బస్టాండ్‌లో దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది. కాశిబుగ్గకు ఎనభై రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాను. నడిపే ఆయన పేరు యాకూబ్, యాభై ఏళ్ళుంటాయి.

"ఒక్కలే వచ్చిండ్రా మేడం? ఎంబడి ఎవ్వలు రాలేదా?"

"ఎవరూ లేరండి. జంపఖానాలు నేసే ఇల్లు చూడాలి, అంతే."

"అయితే ఫికర్ చేయకున్రి. మా ఇంటామె పనిజేసే కాడికే తీస్కపోత. మా గల్లీలనే ఉంటది."

అది మిర్చి రోజులు. ఎనుమాముల మార్కెట్‌కు వెళ్ళే లారీలు రెండు మా ముందే పోతున్నాయి, వాటి మీద ఎర్రటి బస్తాలు మేడంత ఎత్తున ఉన్నాయి. ఘాటుకు నేను తుమ్మాను, యాకూబ్ తుమ్మాడు, పక్కన స్కూటర్ మీద పోతున్నాయన కూడా తుమ్మాడు. ముగ్గురం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం.

ఆ ఇంట్లోకి అడుగుపెట్టాను. ముందు గది అంటూ ఏమీ లేదు, ఉన్నదంతా మగ్గమే. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పడుగు దారాలు వేలకొద్దీ బిగిసి ఉన్నాయి. దాని ముందు ఒకే పలక మీద ఇద్దరు ఆడవాళ్ళు భుజాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. పెద్దావిడ అనసూయమ్మ, అరవై దాటాయి. రెండో ఆవిడ లక్ష్మి, నలభై అయిదు ఉండొచ్చు. ఇద్దరూ యారాళ్ళు, అంటే తోటికోడళ్ళు. గోడ పక్కన నూలు ఉండలు చుడుతున్న ఆవిడ జైనబ్, యాకూబ్ భార్య. "అనసూయక్కా, బెంగుళూరు కెల్లి వచ్చింది మేడం, జర చూపియ్యున్రి" అని నన్ను వాళ్ళకు అప్పజెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

వాళ్ళు నేస్తున్నది ఒక దర్గాలో పరిచే పెద్ద జంపఖానా. పనితీరు ఇదీ: అనసూయమ్మ ఎడమ నుంచి, లక్ష్మి కుడి నుంచి రంగు దారాన్ని పడుగులో దూరుస్తూ వస్తారు. మధ్యలో రెండు చేతులూ కలిసిన చోట ఒకరి దారాన్ని ఇంకొకరి దారంలో మెలివేసి వెనక్కి తిరుగుతారు. ఆ తర్వాత ఇద్దరూ పంజా అందుకుంటారు. పంజా అంటే ఇనప వేళ్ళున్న దువ్వెన లాంటిది, దాంతో కొడితే దారం కిందికి దిగి బిగుసుకుంటుంది. రెండు పంజాలు పడ్డాయి, నాకు ఒక్కటే చప్పుడు వినిపించింది. ఎవరూ ఒకటీ రెండూ లెక్కపెట్టలేదు, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. నేను మోకాళ్ళ మీద కూర్చుని నేసినంత మేరా వేలితో తడిమి చూశాను. బిగువులో వెంట్రుకవాసి తేడా లేదు. మోసం పట్టుకోవడానికి వచ్చిన మనిషిని నోరు తెరుచుకుని గంటసేపు అలాగే ఉండిపోయాను. మా అమ్మమ్మ "రెండు కత్తులైనా ఒక ఒరలో ఇమడతాయి గానీ రెండు కొప్పులు ఒక ఇంట్లో ఇమడవే" అంటుండేది. ఆమెను తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టాలనిపించింది.

"ఎన్నేళ్ళ నుంచి కలిసి నేస్తున్నారమ్మా?" అని అడిగాను.

"లచ్చిమి ఈ ఇంటికి కోడలై వచ్చిన ఏడాది కెల్లి. ఇరవై రెండేండ్లయితాంది బిడ్డా" అంది అనసూయమ్మ.

పన్నెండున్నరకు అన్నానికి లేచారు. నన్ను కూడా తినమన్నారు, వద్దంటే వినలేదు. చేతులు కడుక్కోవడానికి పెరట్లో నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్తే లక్ష్మి నా వెనకే వచ్చి, గొంతు తగ్గించి ఫోన్‌లో ఒక మెసేజ్ చూపించింది. హైదరాబాద్‌లో ఒక డిజైన్ కాలేజీ వాళ్ళు పంపారు. నాలుగు నెలలు అక్కడ ఉండి పిల్లలకు నేత నేర్పాలి. చిన్న మగ్గం ఒకటి ఇస్తారు, దాని మీద తన సొంత ముగ్గు నేసుకోవచ్చు, కింద తన పేరు వేస్తారు. ఉండడానికి గది కూడా ఇస్తారు. జవాబు రేపు ఉదయం చెప్పాలి.

"పోవాలనుందా?" అన్నాను.

"మస్తుగ ఉంది మేడం. నా తల్కాయల ఎన్ని ముగ్గులున్నయో. కానీ నేను పోతే ఈ మగ్గం ఆగుతది. అక్క పక్కన ఇంకొకలు కూసుంటే అంచు వంకర పోతది. అక్కకు చెప్తే పొమ్మంటది, నాకెరుకే. మనసుల లేకున్నా పొమ్మంటది. అందుకే చెప్పలె."

నాకు ఉక్రోషం వచ్చింది. ఇరవై రెండేళ్ళు సగం జంపఖానా నేసిన మనిషికి ఒక్కసారి మొత్తం నేసే అవకాశం వస్తే, నోరు విప్పి అడగలేకపోవడం ఏమిటి? మా ఆఫీసులో మనసులో ఉన్నది మొహం మీద చెప్పడమే నిజాయితీ. చెప్పకుండా దాచేవాళ్ళను పిరికివాళ్ళంటాం. చింతచిగురు పప్పు కలుపుకుంటూ నేను ఆ నిజాయితీ కాస్తా వెలగబెట్టాను.

"అనసూయమ్మా, లక్ష్మి గారికి హైదరాబాద్‌లో మంచి అవకాశం వచ్చింది. మీరు వెళ్ళమంటే వెళ్తుంది" అనేశాను.

లక్ష్మి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. జైనబ్ తల వంచుకుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోరు ఊరు దాటొచ్చి మరీ ఒక ఇంట్లో చిచ్చు పెట్టిందని సిగ్గుతో చచ్చిపోయాను. అనసూయమ్మ మాత్రం నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసి "సల్లారుతది, తిను బిడ్డా" అంది.

తిన్నాక ఆమె వెళ్ళి మగ్గం ముందు తన చోట కూర్చుంది. "జైనబూ, రా" అంది. జైనబ్ లక్ష్మి వైపు ఒకసారి బెదురుగా చూసి, వెళ్ళి లక్ష్మి చోట కూర్చుంది. దారాలు రెండు వైపుల నుంచీ కదిలాయి, మధ్యలో కలిసి మెలిపడి వెనక్కి తిరిగాయి. అంచు వంకర పోలేదు. చూస్తున్న లక్ష్మి ముఖం నల్లబడింది.

"నా జాగల ఎప్పటికెల్లి కూసోబెడుతానవక్కా?"

"నువ్వు ఫోన్ల ఆ కాలేజోళ్ళతోని మాట్లాడంగ జైనబ్ విన్నది. నెల దాటింది. నువ్వు నూలుకు పోయినప్పుడల్లా దీన్ని కూసోబెట్టి నేర్పుతాన."

"ఎరుకున్నంక నాకొక మాట చెప్పద్దా?"

అనసూయమ్మ చేతిలో దారం కింద పెట్టింది. "ఏం చెప్పాలె లచ్చిమీ? పో అంటే ఎల్లగొట్టినట్టయితది. ఉండు అంటే కట్టేసినట్టయితది. నేను పెద్దదాన్ని, నేనేదంటే గదే నడుస్తది ఈ ఇంట్ల. ఒక్కసారన్న నీ మాట నీ నోట్లెకెల్లి రావాలె గదా. అందుకే ఊకున్న."

ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడకపోవడాన్ని నేను భయం అనుకున్నాను. ఈ పెద్దావిడ నెలరోజులుగా నోరు కట్టుకుని లక్ష్మికి ఇచ్చింది స్వేచ్ఛ. ఈవిడకు ఇవ్వడానికి అంతకంటే వేరే దారి కూడా లేదు.

లక్ష్మి కోపమో ఏడుపో తెలియని ముఖంతో అలాగే నిలబడింది. ఇంతలో జైనబ్ పంజా ఎత్తి గట్టిగా కొట్టింది. లక్ష్మి ఒక్క అంగలో వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకుంది.

"గట్ల కొట్టకు జైనబూ, జర మెల్లగ. నువ్వు గట్టిగ కొడితే దానికి సరిగ అక్క గూడ గట్టిగ కొట్టాలె. రాత్రికి ఆమె చెయ్యి లేవది."

అనసూయమ్మ తల తిప్పి లక్ష్మిని చూసింది.

"అంటే గిన్ని రోజులు నువ్వు నా కోసం మెల్లగ కొట్టినవా?"

లక్ష్మి జైనబ్ మణికట్టు వదిలేసింది.

"ఎప్పటికెల్లి?"

"మూడేండ్లయితాంది" అంది లక్ష్మి, నేల చూస్తూ.

అనసూయమ్మ తన కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "నా చెయ్యి పాతదైందని నాకంటె ముందు నీకు తెల్సిందా, దొంగముఖందానా" అంది. నవ్వుతూనే అంది, కళ్ళు మాత్రం తుడుచుకుంది. లక్ష్మి ఆమె పక్కనే కింద కూలబడింది. ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుని "పోతనక్కా. నువ్వు పొమ్మన్నవని గాదు, నాకు పోవాలనుంది. పొద్దుగాల్ల వాళ్ళకు ఫోన్ చేసి చెప్త" అంది. అప్పుడు నేనూ ఏడ్చాను, దాచుకోలేదు.

నాలుగు గంటలకు యాకూబ్ ఆటో వచ్చింది. అనసూయమ్మ నా చెయ్యి పట్టుకుని "నువ్వు ఎవ్వల్ని అడిగి వచ్చినవు బిడ్డా గింత దూరం?" అంది. ఎవరినీ అడగలేదన్నాను. "ఒక్కదానివే ఉండుడు మంచిగుంటదా?" అంది. అందులో జాలి లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. "ఎక్కువ రోజులు బాగానే ఉంటుందమ్మా. జ్వరం వచ్చినప్పుడు మాత్రం బాగుండదు" అన్నాను. ఆమె తల ఊపి, "అయితే జరసేపు ఆగి లచ్చిమికి చెప్పిపో, ఒక్కదాన్నే ఎట్లుండాల్నో. అది మేమెవ్వలం నేర్పలేం" అంది.

అయిదు గంటల బస్సు వదిలేసి లక్ష్మి పక్కన కూర్చున్నాను. గదికి లోపలి గొళ్ళెం చూసుకోవడం, పక్క గది వాళ్ళతో మొదటిరోజే మాట కలపడం, జ్వరం మాత్రలు దగ్గర ఉంచుకోవడం చెప్పాను. "అన్నం ఎంత వండాలె?" అని అడిగింది. అర గ్లాసు బియ్యం చాలన్నాను. "గంతేనా?" అని బిత్తరపోయి చూసింది. పుట్టినప్పటి నుంచి ఒక్కరి కోసం బియ్యం కొలిచిన చెయ్యి కాదది. పదేళ్ళుగా నేను గొప్పగా చెప్పుకునే స్వతంత్రం ఆమె ముందు అర గ్లాసు బియ్యంగా నిలబడింది. అది చిన్నదేమీ కాదు, లక్ష్మి దానికోసమే ఊరు దాటబోతోంది. కానీ నా పక్కన కూర్చుని నా చెయ్యి నొస్తుందని మూడేళ్ళు తన బలం తగ్గించుకున్న మనిషి ఒక్కరైనా ఉన్నారా అని బస్సులో దారి పొడవునా ఆలోచించాను. నేనెవరికోసమైనా తగ్గించుకున్నానా అన్నది అంతకంటే కష్టమైన ప్రశ్న.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. ఉదయం పదిలోపు వెళ్ళండి, గుమ్మంలో నిలబడి వాళ్ళు మొదలుపెట్టిన వరస పూర్తయి పంజాలు పడేదాకా పలకరించకండి. మధ్యలో పిలిస్తే ఒకరు తల తిప్పుతారు, ఆ ఒక్కరి కోసం రెండోవారు కూడా ఆగిపోవలసి వస్తుంది.