బిగుసుకున్న చెయ్యి

మొన్న గిన్నెలో ఎండిన మినప్పిండి గీకుతుంటే, చిన్నప్పుడు కల్లూరు సైకిల్ పందెంలో పడి మణికట్టు విరగ్గొట్టుకున్న రోజు గుర్తొచ్చింది. కట్లు కట్టే తాత గుడ్డుసొనలో మినప్పిండి కలిపి పూసి, గుడ్డ చుట్టి పంపాడు. సాయంత్రానికి చెయ్యి కొయ్యలా బిగుసుకుపోయింది. గ్రంథాలయంలో ధనుర్వాతం గురించి చదివినదాన్ని నేను. గాయం తర్వాత ఒళ్లు బిగుస్తుంది, దవడ పట్టేస్తుంది, ప్రాణం పోతుంది. గోడకానుకుని నోరు తెరుస్తూ మూస్తూ కూర్చున్నాను.

"ఏమే, చేప మాదిరి నోరు తెరుస్తాండావు?" అంది అవ్వ.

"దవడ బిగిస్తే సచ్చిపోతారంట. పుస్తకంలో ఉండాది. చెయ్యి అప్పుడే బిగిసింది."

"పిండి ఎండింది లే, పిచ్చిదానా."

అయినా నేను ఏడుపు అందుకున్నాను. అవ్వ ఎదురుగా కూర్చుంది.

"ఎన్ని దినాలు చూడాలంట?"

"పది."

పది రోజులూ పొద్దున్నే "తెరువు" అంటూ నా దవడ పట్టి చూసేది. పుస్తకాన్ని నమ్మిందని గర్వపడ్డాను. చదువురాని అవ్వ నమ్మింది నా భయాన్నని చాలా ఏళ్లకు తెలిసింది.