పన్నెండు మందిలో ఇద్దరు

కాలేజీలో నన్ను సేవాదళానికి కార్యదర్శిగా పెట్టింది నా సేవాగుణం చూసి కాదు. మద్రాసు మార్కెట్లో నేను వంకాయలు బేరమాడుతుంటే హాస్టలు వాళ్ళు చూశారు, అంతే. కర్నూలులో మాకు బట్టల అంగడి ఉండేది. నాకు మాటల కంటే ముందు బేరం వచ్చిందని మా అమ్మ అనేది. గొప్పగా అనేదో, దిగులుగా అనేదో ఇప్పటికీ తెలియదు.

యుద్ధం నడుస్తున్న రోజులు. కర్నూలు, కడప జిల్లాల నుంచి వెళ్ళి మద్రాసులో చదువుకుంటున్న పన్నెండు మందిమి ఆ ఏడు శివరాత్రికి శ్రీశైలం దోవలో యాత్రికులకు సేవ చేయాలని తీర్మానించుకున్నాం. అప్పట్లో కొండ మీదికి బస్సు లేదు. ఆత్మకూరు దాటితే నల్లమల అడవిలో నడకే. ఆ నడకలో భీముని కొలను దగ్గర పెద్ద లోయ ఒకటి అడ్డం వస్తుంది. రాతి మెట్ల మీద అడుగుకు దిగి, మళ్ళీ అంత ఎత్తూ ఎక్కాలి. ముసలివాళ్ళ చేయి పట్టుకుని దించడం, ఎక్కించడం, దాహానికి నీళ్ళు అందించడం మా పని.

ప్రిన్సిపాల్ దొర సరేనన్నాడు గానీ కాగితాలు అడిగాడు. కాలు విరిగినా, పాము కరిచినా, వాంతిభేది తగిలినా కాలేజీకి గానీ యూనివర్సిటీకి గానీ పూచీ లేదని ప్రతివాడి తండ్రీ సంతకం చేసి ఇవ్వాలి. ఆ పైన అందరినీ క్షేమంగా తిరిగి తీసుకువచ్చే బాధ్యత నాదని నేను విడిగా రాసి ఇవ్వాలి. నా కాగితంలో ‘బాధ్యత’కు ముందు ‘యథాశక్తి’ అనే మాట పెట్టించడానికి దొరతో అరగంట వాదించి నెగ్గాను. తండ్రుల కాగితం కూడా రాసింది నేనే. ఒకసారి అమ్మిన బట్ట వెనక్కి తీసుకోబడదని మా అంగట్లో బోర్డు ఉండేది. అదే ధోరణిలో, ఎలుక దూరే సందు కూడా లేకుండా రాశాను. దొర చదివి, నువ్వు లా చదవాల్సినవాడివి అన్నాడు. ఆ మాటకు వారం రోజులు పొంగిపోయాను.

దళంలో నాకు దగ్గరివాడు ఎమ్మిగనూరు వైపు నేతపని వాళ్ళ కుర్రవాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు, ఒక్కగానొక్క కొడుకు. వాళ్ళ నాయన మగ్గం గుంతలోంచి కాళ్ళు బయటికి తీయకుండానే కాగితం చదవమన్నాడు. చదివాను. ఆయన పోగు నేసే నాడెను పక్కన పెట్టాడు.

“వీళ్ళకు పూచీ లేదు, వాళ్ళకు పూచీ లేదు అని చదివితివి. బాగుండాది. మరి ఉండేది ఎవురికి నాయనా?”

“నాకు, మామా. నేను లేనా?” అన్నాను.

యథాశక్తి అనలేదు. సంతకం కావాలి, పొద్దు పోతోంది, బస్సు తప్పుతుంది. ఆయన బొటనవేలికి సిరా పూయించుకుని ముద్ర వేశాడు. కాగితాన్ని నమ్మి వేయలేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

అడవి మొదట్లో చెంచుగూడెం ఉంది. ఆ దోవన వెళ్ళే యాత్రికులు తలకు ఇంత అని చెంచులకు ఇచ్చుకుంటారు. పూర్వం నుంచీ ఉన్న మామూలు అది. గూడెం పెద్ద విల్లు భుజాన వేసుకుని మా దగ్గరికి వచ్చి, తలకు ఒక అణా అన్నాడు. శ్రీశైలం మల్లయ్య తమ అల్లుడని, అల్లుడి ఇంటికి వచ్చేవాళ్ళు తమకు చుట్టాలని, ఇక్కడ తలలు ఎంచుకుని అవతలి గూడెంలో మళ్ళీ ఎంచి అప్పజెప్తామని చెప్పాడు. పన్నెండు మందికైతే ముందొకడు, నడుమ ఒకడు, వెనక ఒకడు నడుస్తారట.

పన్నెండు అణాలు మాకు బరువేమీ కాదు. సేవాదళం సంచిలో అంతకు ఎన్నో రెట్లు ఉంది. కానీ ఎవరైనా ఒక ధర చెబితే దానికి ఒప్పుకోవడం నాకు చేతకాదు. మేం యాత్రికులం కాదన్నాను. మీరు చేసే పనే మేమూ చేయబోతున్నాం, ఒకే పని చేసేవాళ్ళు ఒకరికొకరు సుంకం కట్టుకుంటారా అన్నాను. ఆయన విన్నాడు, తల ఊపాడు, తలకు ఒక అణా అన్నాడు. అప్పుడు నాకు మెరుపులా ఒక ఉపాయం తోచింది. ఇద్దరికే ఇస్తాను, తక్కినవాళ్ళు ఆ ఇద్దరి వెనక నడుస్తారు, దోవ అందరిదీ కదా అన్నాను.

“ఇద్దరికి ఇస్తే ఇద్దర్నే ఎంచుకుంటా సామీ,” అన్నాడాయన.

“ఎంచుకో.”

“ఏ ఇద్దరు?”

మొదట నన్ను నేను చూపించుకున్నాను. తరువాత బియ్యం మూట మోస్తున్నవాణ్ణి చూపించాను. మావాళ్ళందరూ పగలబడి నవ్వారు. సెట్టి దెబ్బకు అడవి కూడా ధర దించిందని ఒకడు అన్నాడు. గూడెం పెద్ద మాత్రం నవ్వలేదు, కోపగించుకోలేదు. రెండు అణాలు మొలలో దోపుకుని, ఒక్క మనిషిని పిలిచి మా ఇద్దరినీ వేలుపెట్టి చూపించాడు.

ఆ మనిషి మాట తప్పలేదు. నేను ఎక్కడ ఆగితే అక్కడ ఆగాడు. బియ్యం మూట వెనకబడితే దానికోసం నిలబడ్డాడు. అవతలి గూడెంలో మా ఇద్దరినీ ఎంచి అప్పజెప్పి వెళ్ళిపోయాడు. అక్కడి మనిషి కూడా ఇద్దరినే ఎంచుకున్నాడు.

భీముని కొలను దగ్గర రెండో రోజు మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నప్పుడు ఒక విస్తరి మిగిలింది. నేతగాళ్ళ కుర్రవాడు లేడు. నీళ్ళకు పోయి ఉంటాడని ఒకరు, ముసలమ్మనెవరినో ఎక్కిస్తున్నాడని ఇంకొకరు అన్నారు. చల్లారిపోతుందని నేను తినేశాను. ఈ ముక్క రాయడానికి చాలా ఏళ్ళు పట్టింది. కడుపునిండా తిని, మజ్జిగ కూడా పోసుకుని, ఆ తరువాత లేచి వెతికాను. మెట్ల మీద లేడు, కొలను దగ్గర లేడు. ఎండ వాలేదాకా పేరు పెట్టి అరుస్తూ తిరిగి, చివరికి అవతలి గూడేనికి పరిగెత్తాను.

శివరాత్రి యాత్రికుల పని మీద అక్కడికి మొదటి గూడెం పెద్ద కూడా వచ్చి ఉన్నాడు. పన్నెండులో ఒకడు తప్పాడని చెబితే ఆయన వెంటనే లేచాడు. తనవాళ్ళను ఇద్దరిని వెంటబెట్టుకుని నడిచాడు. మెట్లకు ఎడంగా, నీళ్ళకు అడ్డదారిలా కనిపించే ఒక చీలిక దగ్గర పగిలిన కుండ పెంకు చూసి ఆగాడు. మావాడు కింద రెండు బండల నడుమ పడి ఉన్నాడు. తెలివి ఉంది. మోకాలి కింద ఎముక తోలు చీల్చుకుని బయటికి వచ్చింది. పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నాడు. అరిచి అరిచి గొంతు పోయింది.

చెంచులు వాణ్ణి దుప్పట్లో కట్టి పైకి లాగుతుంటే, ఆ దోవ ఎవరికీ తెలియదా అని గూడెం పెద్దను అడిగాను.

“మాకు తెలుసు. అక్కడ రాయి నిలవదు. ఎంచుకున్నోళ్ళను అటు పోనీము,” అన్నాడు.

డోలీ కట్టి ఆత్మకూరు దాకా మోసుకువస్తామన్నారు. నేను సంచి విప్పి ఆయన ముందు పెట్టాను. ఆయన పన్నెండు అణాలు తీసుకుని తక్కింది నా వైపు తోశాడు. తిరుగుదోవ ఉంది కదా, ఈసారి అందరినీ ఎంచుకుంటానన్నాడు. ఆ పొద్దు నాకు బేరం రాలేదు.

ఆత్మకూరు నుంచి, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సులో కర్నూలు ఆసుపత్రికి చేర్చాం. ప్రిన్సిపాల్ దొరకు తంతి ఇస్తే జవాబు వచ్చింది. చాలా విచారిస్తున్నామని, తండ్రిగారి సంతకం తమ దగ్గర భద్రంగా ఉందని. నేను రాసిన కాగితమే, ఎక్కడ సందు ఉంటుంది? చివరికి వాడి కాలు దక్కింది. మోకాలు మాత్రం వంగలేదు. వాడు మళ్ళీ కాలేజీకి రాలేదు, మగ్గం గుంతలోనూ దిగలేకపోయాడు. అవన్నీ తరువాతి సంగతులు. వాళ్ళ నాయన వచ్చిన రోజున కాలు తీసేయాలో వద్దో డాక్టరుకే తెలియదు. కాలి వేళ్ళు వెచ్చగా ఉన్నంతసేపూ ఆశ ఉందని, చల్లబడితే తన్ను పిలవమని చెప్పి వెళ్ళాడు.

వాళ్ళ నాయన కొడుకును చూసి బయటికి వచ్చి వరండాలో నా పక్కన కూర్చున్నాడు. ఎట్లా జరిగిందని అడిగాడు. చెప్పాను. ముసలమ్మలు దప్పికగొన్నారని, వాడు కుండ తీసుకుని దగ్గరి దోవన దిగాడని, రాయి జారిందని. అందులో ఒక్క అబద్ధమూ లేదు. అంగట్లో మరక పడ్డ బట్టను మరక లోపలికి పోయేటట్టు మడిచి చూపిస్తాం, అట్లా చెప్పాను.

“రాయి జారితే ఎవురేం చేస్తారు,” అని ఆయన తువాలుతో ముఖం తుడుచుకున్నాడు. తరువాత నా వైపు తిరిగాడు. “నువ్వు అన్నం తిన్నావా నాయనా? మొగం పీక్కపోయింది.”

అన్నం మాట అడగకపోయి ఉంటే మడత విప్పేవాణ్ణి కాదేమో. తలకు అణా సంగతి, ఇద్దరి సంగతి అంతా చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు. ఎంచుకోవడమంటే ఏమిటని ఒకసారి మాత్రం అడిగి, మళ్ళీ చెప్పించుకున్నాడు.

“ఆ ఇద్దరు ఎవురు?”

“ఒకడు బియ్యం మోసేవాడు.”

“ఇంకొకడు?”

“నేను, మామా.”

ఆసుపత్రి ఆయా నీళ్ళు చల్లి వరండా ఊడుస్తోంది. మా కాళ్ళ దగ్గరికి వచ్చినప్పుడు ఇద్దరం కాళ్ళు ఎత్తి, ఆమె పోయాక దించాం.

“అప్పుడు నా కొడుకు యాడ ఉండె?”

“నా పక్కనే. అందరితో పాటు వాడూ నవ్వినాడు.”

“నువ్వు ఉండావని నవ్వింటాడు,” అన్నాడాయన.

తిట్టినట్టు అనలేదు. కొడుకును వెనకేసుకొచ్చినట్టు అన్నాడు. లేచి తువాలు దులిపి భుజాన వేసుకుని లోపలికి నడిచాడు. నేనూ లేవబోతే, నువ్వు ఈడ్నే ఉండు అన్నాడు, వెనక్కి తిరగకుండా. తలుపు తెరిచే ఉంది. మంచం కాళ్ళ వైపున నేల మీద కూర్చుని, దుప్పటి కొంచెం పక్కకు తీసి, కొడుకు కాలి వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని చూస్తున్నాడు. చిటికెన వేలి దగ్గర చాలాసేపు ఆగాడు.