విరాళాల కోసం కల్పించిన పోలయ్య

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే ముందు నవ్వేది నేనే. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పినవాడిని మరి. ఇప్పుడు ఆ నవ్వు రావడం లేదు.

బోగోలు దగ్గర సముద్రం ఒడ్డున నలుగురం కలిసి చిన్న మ్యూజియం నడుపుతున్నాం. పాత వలలు, లాంతర్లు, చేపల బుట్టలు, అంతే. జీతం ఎవరికీ లేదు. పోయిన వేసవిలో పైకప్పు కూలేటట్టయింది. వానలు పడితే అన్నీ నాశనమే. హుండీ పెట్టాం. పాత ఫోటోలతో క్యాలెండర్లు వేశాం. మిల్లుల యజమానుల చుట్టూ తిరిగితే టీ పోసి పంపారు.

చివరికి ఒక్కో వస్తువును దాతలకు దత్తత ఇచ్చి, దాని పేరున విరాళం అడుగుదామనుకున్నాం. మొదట ఒక పాత తెడ్డు పెట్టాం. అదీ పారలేదు. మాలో ఒకడైన వడ్రంగి ఖాదరన్న, "ఊరికే తెడ్డు అంటే ఎవురిస్తారు సార్? దాని ఎనక మనిషుండాల" అన్నాడు.

ఆ తెడ్డు నాయుడుపేటలో పాత సామాన్ల కొట్లో కొన్నది. ఎవరిదో తెలియదు. తప్పని తెలిసే కథ అల్లాను. దాని యజమానికి పోలయ్య అని పేరు పెట్టాను. ఒకరోజు తన తెడ్డు గుమ్మం పక్కన ఆనించి, వేరేవాళ్ల పడవలో సాయంగా వెళ్లాడని, గంజి వార్చేలోపు వచ్చేస్తానని భార్యతో చెప్పాడని, మళ్లీ రాలేదని అట్ట మీద రాసి, ఫోటో తీసి ఫోన్లలో పంపాను. సైన్సు మాస్టారికి ఈ విద్య కూడా ఉందే అని ఖాదరన్న ఆటపట్టించాడు. నెల తిరక్కుండా పైకప్పుకు సరిపడా విరాళాలు వచ్చాయి. సిగ్గుపడాల్సింది పోయి సంబరపడ్డాను.

ఒక ఆదివారం పొద్దున పులికాట్ సరస్సు వైపు నుంచి ఒక ముసలామె మనవరాలితో వచ్చింది. నేను పంపిన అట్టను మనవరాలు ఫోన్లో చదివి వినిపించిందట. తన భర్త పేరు పోలయ్య అంది. తెడ్డు పిడికి చుట్టిన తాడు కింద, ముగ్గురు కూతుళ్ల గుర్తుగా ఆయన మూడు గాట్లు పెట్టుకున్నాడని చెప్పింది.

ఆ తాడు మేమెప్పుడూ విప్పలేదు. ఖాదరన్న విప్పాడు. మూడు గాట్లున్నాయి.

నాకు భయం వేసింది. ఆమె ముందు నిజం ఒప్పుకున్నాను. కథంతా డబ్బు కోసం నేనే కల్పించానని, పోలయ్య ఎవరో నాకు తెలియదని చెప్పాను. ఆమె కోప్పడలేదు. ఆయన వెళ్లిపోయిన రోజు పొద్దున ఇద్దరూ పోట్లాడుకున్నారట. ఆయన వెళ్తూ వెళ్తూ గంజి మాట అంటే, ఈమె పంతానికి పలకలేదట. అప్పుడు ఇంట్లో ఇద్దరే ఉన్నారట. ఆ మాట కూతుళ్లకు కూడా చెప్పుకోలేదంది.

తర్వాత నా వైపు తిరిగి అడిగింది. "ఇంకేమన్నా చెప్పినాడా అయ్యా? నేను పలకలేదని కోపంగా ఉండాడా?"

తర్వాత నాయుడుపేట వెళ్లి విచారించాను. తెడ్డు ఏ ఊరి నుంచి వచ్చిందో ఆ కొట్టువాడికీ తెలియదు. ఆ పేరు, ఆ గంజి మాట నా బుర్రలోకి ఎలా వచ్చాయో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

పైకప్పు కోసం అంత కథ అల్లినవాడిని. ఆ రోజు ఆమె అలా నిలబడి చూస్తుంటే, "కోపం లేదమ్మా" అనే ఒక్క మాట కల్పించడానికి నాకు నోరు రాలేదు.