బాపమ్మ సంచిలో పుట్నాలు

నా చిన్నప్పుడు నా చేతులు తునికాకులకే సరిపోయాయి. పలక పట్టే తీరిక వాటికి దొరకలేదు. నిజామాబాద్‌లో మా వీధిలో ఆడపిల్లకు వేళ్లు తిరిగితే చాలు, ఒళ్లో చాట పెట్టి బీడీలు చుట్టడానికి కూర్చోబెట్టేవారు. జుట్టు నెరిశాక, మహిళా సంఘం గదిలో అక్షరాలు దిద్దుకున్నాను. ఒత్తులు ఇప్పటికీ తడబడతాయి. అయినా మా బాపమ్మ గురించి నా చేత్తోనే రాయాలనుకున్నాను.

బాపమ్మ అంటే మా నాన్నను కన్నతల్లి. ఆమె నడుముకు ఎప్పుడూ ఒక గుడ్డసంచి వేలాడేది. అందులో తంబాకు, సున్నం డబ్బీ ఉండేవి. పొద్దంతా వంగి కూర్చునే ఆడవాళ్లకు ఆకలి తెలియకూడదన్నా, కునుకు రాకూడదన్నా చిటికెడు తంబాకే దిక్కు. చాటలో ఎలాగూ ఉండేదే కదా. బాపమ్మ దవడలో, నేను అవ్వా అని పిలిచే మా అమ్మ కింది పెదవి వెనుక అది ఎప్పుడూ నానుతూ ఉండేది.

ఒకసారి నాకు పాలపన్ను నొప్పి పుట్టింది. ఏడుస్తుంటే బాపమ్మే ఇంత తంబాకు తీసి నా దవడలో పెట్టింది. తల తిరిగింది, వాంతి అయింది, నొప్పి మాత్రం ఆగింది. ఆ తరువాత పన్ను ఊడిపోయింది కానీ నా చెయ్యి ఆ దారి మరిచిపోలేదు. ఆకు చుడుతూ చుడుతూ దానంతటదే చాటలోకి, అక్కణ్నుంచి నోట్లోకి పోయేది. తప్పని ఎవరూ అనలేదు. పని తెలిసిన పిల్ల అనుకున్నారు.

కొంతకాలానికి బాపమ్మ దవడలో పుండు లేచింది. మొదట కారం తినలేకపోయింది. తరువాత అన్నంలో నీళ్లు పోసుకుని జుర్రుకునేది. చివరికి నోరు వేలు పట్టేంతకు మించి తెరుచుకోలేదు. దవాఖానలో డాక్టరు చూసి ఇది తంబాకుతో వచ్చిన పుండని, పట్నం తీసుకుపొమ్మని చెప్పాడు. అంత ఖర్చు మా వల్ల కాదని మా నాన్న తల వంచుకుని బయటికి వచ్చాడు. రిక్షాలో తిరిగి వస్తుంటే బాపమ్మ నా గదమ పట్టుకుని నోరు తెరిపించింది. దవడలో వేలు పెట్టి అక్కడున్న తంబాకును గోకి తీసి రోడ్డు మీద పారేసింది.

తిడితే మానుతానా? ఒళ్లో చాటనిండా అదే. చాట తీసేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు. బాపమ్మ ఒక పూటంతా నా చేతినే చూస్తూ కూర్చుంది. తరువాత లేచి నడుము సంచి విప్పి, ఉతికి, ఎండకు ఆరేసింది. అందులో పుట్నాలు, సోంపు పోసుకుని మళ్లీ కట్టుకుంది.

“నా నోరు తెరుస్తలేదు బిడ్డా. పుట్నాల మీద పానం కొట్టుకుంటున్నది. నువ్వు నమిలి జర రుచి జెప్పు.”

నేను నమిలి చెప్పేదాన్ని. కమ్మగున్నాయనో, ఇయ్యాల మాడినయనో. ఆమె కళ్లు మూసుకుని వినేది. పక్కింటి అక్క గోడ మీదుగా నవ్వేది.

“పండ్లు లేని ముసల్దానికి పుట్నాల సోకు జూడున్రి!”

బాపమ్మ వాచిన దవడను అరచేత్తో పట్టుకుని జవాబు చెప్పేది. “నా పండ్లు గీ పోరి నోట్లున్నయే.”

ముసలిదాని కోరిక తీరుస్తున్నాననే నేను అనుకున్నాను. నా చెయ్యి ఆకు మీద ఉన్నంతసేపు ఆమె పిలిచేది కాదని, తంబాకు వైపు కదిలినప్పుడే పిలిచేదని తరువాత ఎప్పటికో అర్థమైంది. అలా పిలిచి పిలిచి నా చేతికి వేరే దారి అలవాటు చేసింది. కొన్నాళ్లకు నా వేళ్లు ఆమె పిలవకముందే సంచి వైపు పోసాగాయి.

కోడలికీ చెప్పి చూసింది. మా అమ్మ వినలేదు.

“నీకచ్చిందని అందరికస్తదా అత్తా? అది లేకుంటే నా చెయ్యే ఆడదు.”

బోధన్ దిక్కు చెరకు బండ్లు కదిలే చలిరోజుల్లో బాపమ్మ పోయింది. చివరి రోజుల్లో తడిగుడ్డ పిండి పెదవుల మీద చుక్కలు వేస్తే అవే ఆమెకు అన్నం.

మూడోనాడు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూడటం మా దగ్గర ఆచారం. అన్నం పెట్టారు, కూర పెట్టారు, నేను పిడికెడు పుట్నాలు పోశాను. ఎండెక్కినా కాకి రాలేదు. “తంబాకు పెట్టలే, గందుకే ముడుతలేదు” అన్నారు ఎవరో. మా అమ్మ తన కొంగుముడి విప్పి చిటికెడు తంబాకు తీసి విస్తట్లో వేసింది. కాసేపటికి కాకి వాలి అన్నం ముద్ద ఎత్తుకుపోయింది. “జూసిండ్రా, తంబాకుకే వచ్చింది” అని అందరూ తృప్తిగా లేచారు. బాపమ్మను చంపినదాన్నే ఆమెకు మళ్లీ వడ్డించి ఇంటికి నడిచాం.

గుడ్డ మారింది, నాడా మారింది కానీ ఆ సంచి ఇప్పటికీ నా నడుముకే ఉంటుంది. చెయ్యి ఖాళీగా ఊరుకోదనీ, ఒకటి లాక్కుంటే దాని చోట ఇంకొకటి పెట్టాలనీ నేను నేర్చుకున్నది దాని దగ్గరే.

పిట్టకు పెట్టిన మరునాడు పొద్దున మా అమ్మ ఎప్పటిలాగే చాట ముందు కూర్చుంది. ఆమె వేళ్లు తంబాకు వైపు కదిలాయి. నేను బాపమ్మ సంచి నడుముకు కట్టుకుని వెళ్లి ఆమె మోకాలికి ఆనుకుని కూర్చున్నాను. పిడికెడు పుట్నాలు తీసి ఆమె అరచేతిలో పోశాను.

“అవ్వా, నాకు పన్ను నొస్తున్నదే. నువ్వు నమిలి రుచి జెప్పు” అన్నాను.