తుపాకికి బొట్టు పెట్టిన దసరా

నా చిన్నప్పుడు మా ఇంట్లో తుపాకికి బొట్టు పెట్టారు. ఈ మాట చెబితే నా పిల్లలు నేను కోతలు కోస్తున్నానంటారు. కోతలు కాదు. ఐర్లండ్ నడిమధ్య, అత్లోన్ ఊరి అంచున, కొత్తగా లేచిన ఇళ్ల వరుసలో మాదొక ఇల్లు. ఆ రోజుల్లో ఎటు చూసినా క్రేన్లే కనిపించేవి. కిటికీ తెరిస్తే తడి సిమెంటు వాసన వచ్చేది. మా నాన్న వరంగల్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనికని అక్కడికి వచ్చాడు. వెనకే అమ్మా, నేనూ. ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడేది మేం ముగ్గురమే.

మా వరుస చివర, ఆ కొత్త ఇళ్లకంటే ఎంతో ముందు నుంచీ ఉన్న పొలం ఇంట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. అంత వయసు మనిషిని పేరు పెట్టి పిలవడం అమ్మకు మింగుడు పడలేదు. అందుకని నాకు 'పక్కింటి తాత' అని నేర్పింది. ఆ మాట అర్థమేమిటో నాన్న చెబితే ఆయన చాలా సంతోషించాడు. మనవలు లేని మనిషి. ఆయనే ఆదివారాలు నాన్నను క్లే షూటింగ్‌కి తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. ఆట ఇంతే: ఒక యంత్రం మట్టి పళ్లేన్ని గాల్లోకి విసురుతుంది, అది కింద పడేలోపు తుపాకితో పగలగొట్టాలి. ఒక తడి పొలం, ఒక రేకుల షెడ్డు, అందులో ఎప్పుడూ మరుగుతుండే కెటిల్, చుట్టూ కొందరు రైతులు. నాన్న వెంట నేనూ వెళ్లేవాణ్ని. తాడు కట్టిన గీత దాటకుండా నిలబడి చూసేవాణ్ని.

నాన్నకు ఒక్క పళ్లెమూ తగిలేది కాదు. క్లబ్బులో ఇచ్చే తుపాకులు ఆ పొడుగాటి మనుషులకు చేసినవి. వాటి మడమ నాన్న భుజానికి ఆనేసరికి ఆయన చేతులు చాలేవి కావు, మెడ సాగదీసి నిలబడేవాడు. చూసేవాళ్లకు అది నవ్వులాట. "నువ్వు కాలుస్తున్నంతసేపూ ఈ దేశంలో ఆ పళ్లేనికి నీ తుపాకి ముందుకంటే భద్రమైన చోటు లేదయ్యా," అనేవాడొకడు. "పాపం, పళ్లేలకు ఆయనంటే ఇష్టం, ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూస్తాయి," అనేవాడు ఇంకొకడు. నాన్న కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. కారెక్కాక మాత్రం ఆ నవ్వు ఉండేది కాదు. ఇంటిదాకా వైపర్ల చప్పుడే. వెనక సీట్లో కూర్చుని ఆయన మెడ వెనక భాగం చూస్తూ, ఎలాగైనా మా నాన్నకు ఒక్కటి తగలాలని నేను మొక్కుకునేవాణ్ని.

చివరికి సొంత తుపాకి కొనుక్కుందామని నాన్న తేల్చుకున్నాడు. పళ్లేలు కొట్టడానికీ, నవంబరులో వేట మొదలయ్యాక తాతతో పాటు ఫెజెంట్లని పిలిచే అడవి కోళ్ల వేటకు వెళ్లడానికీ ఒకటే పనికి రావాలి. రెండు కొనే స్తోమత లేదు. పైగా ప్రతి తుపాకికీ అక్కడి పోలీసులైన గార్డుల దగ్గర విడిగా అనుమతి తెచ్చుకోవాలి. నాన్నా నేనూ తాత కారులో ఊళ్లోని దుకాణానికి వెళ్లాం. నాన్న కన్ను నేరుగా ఒక కొత్త తుపాకి మీద పడింది. పక్కలంతా పిట్టలూ కుక్కలూ చెక్కి, మెరుగు పెట్టి ఉంది. ధర కూడా అందుబాటులోనే ఉంది. తాత దాన్ని చేతిలోకి తీసుకుని, తెరిచి, మూసి, "ఆ బొమ్మలకు డబ్బు పెట్టారు గానీ లోపల పెట్టలేదు," అని తిరిగి ఇచ్చేశాడు.

ఆయన ఏరింది ఒక పాతది. గొట్టాలు ఒకదానిమీద ఒకటి ఉండే రకం. భుజానికి ఆనే కర్ర మీద గీతలు పడి, మొదటి మెరుపు ఎప్పుడో పోయింది. కానీ మూస్తే గట్టి తలుపు పడినట్టు ఒకే చప్పుడు, ఊపితే ఎక్కడా కదలిక లేదు. కొనల్లో మార్చుకునే బిగింపులు ఉన్నాయి. ఒకటి పెడితే గుళ్లు వెడల్పుగా చెదిరి దగ్గరి పళ్లేలకు పనికొస్తాయి, ఇంకొకటి పెడితే దూరపు పిట్టకు చాలినంత గుంపుగా వెళతాయి. మరీ తేలికైతే భుజాన్ని తన్నుతుందట, మరీ బరువైతే పొలాల్లో మొయ్యలేమట. ఇది మధ్యస్థం. తర్వాత నాన్నను కళ్లు మూసుకుని తుపాకి ఎత్తి చెంపకు ఆనించమన్నాడు. "ఇప్పుడు తెరువు. ఏం కనబడుతోంది?" గొట్టం వీపు ఎక్కువ కనబడుతోందన్నాడు నాన్న. కర్ర కొంచెం కోయిస్తే సరిపోతుందని తాత తేల్చాడు. చొక్కా చేతులు కుదించినట్టే తుపాకినీ మనిషికి తగ్గట్టు కుదిస్తారని నాకు ఆ రోజే తెలిసింది.

అనుమతి వచ్చి, తుపాకి ఇంటికి చేరేసరికి దసరా దగ్గరపడింది. తుపాకి దాచడానికి గోడకు బిగించిన ఇనప బీరువాను చూసి వెళ్లడానికి వచ్చిన గార్డుకు అమ్మ మిర్చి బజ్జీలు పెట్టింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగినా "గ్రాండ్, గ్రాండ్" అంటూ తిన్నాడు, అక్కడ బాగుందనడానికి అదే మాట. ఆయన వెళ్లాక అమ్మ మొదలుపెట్టింది. "మంది ఇంట్లకు ఫ్రిజ్జు తెస్తరు, టీవీ తెస్తరు. నువ్వు తుపాకి తెస్తివి."

"ఆయుధ పూజకు ఇన్నేండ్ల సంది కూరగాయల కత్తి పెడుతున్నం. ఈసారి నిజం ఆయుధం ఉన్నది, సంబురపడు," అన్నాడు నాన్న.

అలా ఆ దసరా నాడు, ముందుగదిలో ఎర్ర గుడ్డ పరిచి, దేవుడి పటం ముందు తుపాకిని పడుకోబెట్టారు. కర్రకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, మీద బంతిపూలు వేశారు. అమ్మ పసుపు తడిపి వినాయకుణ్ని చేస్తుంటే, మిగిలిన ముద్ద నాకిచ్చింది. నేనూ చిన్న వినాయకుణ్ని చేశాను. పూజ అయ్యింది. అమ్మ వంటగదిలోకి వెళ్లింది. వరంగల్ నుంచి ఫోను వస్తే నాన్న లేచి నడవలోకి వెళ్లాడు. తుపాకిని ముట్టుకోవద్దని నాకు గట్టి ఆజ్ఞ ఉంది. కానీ ఆ గదిలో నేనూ దేవుడూ తుపాకీ తప్ప ఎవరూ లేరు. గొట్టంలో దేవుడుంటే గురి ఎలా తప్పుతుంది? నాకు తట్టింది అంతే. నా వినాయకుణ్ని కింది గొట్టంలోకి దూర్చి, నైవేద్యం గిన్నెలో ఉన్న పప్పు గరిటె కాడతో పోయినంత లోపలికి నెట్టాను. దండం పెట్టుకున్నాను. నాన్న వచ్చి తుపాకిని తుడిచి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

మర్నాడు ఆదివారం. కారెక్కబోతూ నాన్న తుపాకి సంచి భుజాన వేసుకుని, బూట్లు తొడుక్కుంటున్న నన్ను అలవోకగా అడిగాడు.

"అరేయ్, నిన్న దీన్ని ముట్టినవారా?"

"ముట్టలే నాన్నా."

అంతే. అది ఎంత తేలిగ్గా వచ్చిందో నాకు ఇప్పటికీ విస్మయంగా ఉంటుంది. నాలుక తడబడలేదు, గుండె అదరలేదు. తిట్లు తప్పించుకోవడానికి పిల్లలు చెప్పే మాట. నాన్న దాన్ని నమ్మాడు.

పొలంలో మంచు ఇంకా విడలేదు. నాన్న పేరు పిలిచారు. ఆయన తుపాకి తీసి, అమర్చి, తూటాలు చేతిలో పట్టుకుని గుర్తు దగ్గర నిలబడ్డాడు. నేను తాడు వెనక ఉన్నాను. ఈ రోజు వీళ్లందరి నోళ్లూ మూతపడతాయని నా లోపల ఒకటే సంబరం. అప్పుడు తాత వచ్చి చెయ్యి చాచాడు. నాన్న ఇచ్చాడు. తాత దాన్ని తెరిచి, వెనక నుంచి గొట్టాలను ఆకాశం వైపు ఎత్తి చూడబోయాడు.

నాన్నకు అది చిన్నతనంగా అనిపించింది. తానే శుభ్రం చేశాననీ, పొద్దున కొడుకును కూడా అడిగాననీ అన్నాడు. గొంతులో నొచ్చుకున్న జాడ ఉంది. తాత వినిపించుకోలేదు. ఆయన ముఖంలో రంగు దిగిపోవడం నేను చూశాను. పై గొట్టంలోంచి ఆకాశం కనబడుతోంది. కింది గొట్టంలో చీకటి.

ఒకరు గొట్టాలు తుడిచే ఊచ తెచ్చారు. నెడితే పసుపు ముద్ద ఊడి తాత అరచేతిలో పడింది. ఆ మనుషులెవరికీ అదేమిటో తెలియదు. నాన్నకు తెలుసు. ఆయన ముద్దనూ చూశాడు, నన్నూ చూశాడు. ఆ ముద్దను తాత చేతిలోంచి తీసుకుని, కళ్లకు అద్దుకుని, జేబులో వేసుకున్నాడు.

తాత షెడ్డు వెనక్కి వెళ్లి, తుప్పు పట్టి మూలన పడేసిన ఒంటి గొట్టం తుపాకి తెచ్చాడు. దాన్ని ఒక ట్రాక్టరు టైరుకు కట్టాడు. నా గుప్పెట్లో ఎంత పడుతుందో చూసి, అంత తడి మట్టి తీసి గొట్టంలో కూరాడు. పొలం గట్టు మీద నుంచి ఒక టర్నిప్ దుంప తెచ్చి, గొట్టం కింద, ఎడమ చెయ్యి పట్టుకునే చోట తాడుతో బిగించాడు. తూటా పెట్టి, మీటకు పొడుగాటి తాడు కట్టి, అందరినీ రాతిగోడ వెనక్కి పంపాడు. నన్ను తన ఒడిలోకి లాక్కుని, చెవులు మూసుకోమని, తాడు లాగాడు.

అది తుపాకి చప్పుడులా లేదు. రేకును ఎవరో ఒక్క పెట్టున చించినట్టుంది. పొగ పోయాక మేం దగ్గరికి వెళ్లాం. గొట్టం అరటిపండు తొక్క ఒలిచినట్టు విచ్చుకుని ఉంది. టర్నిప్ లేదు. దాన్ని కట్టిన తాడు కొసలు మాత్రం వేలాడుతున్నాయి. గోడ రాళ్ల మీద తెల్లటి ముక్కలు అంటుకున్నాయి.

"అక్కడ మీ నాన్న చెయ్యి ఉండేది," అన్నాడు తాత.

బురదలో కూర్చుండిపోయాను. మొత్తం చెప్పేశాను, తెలుగులో కొంత, ఇంగ్లీషులో కొంత. నాన్నకు గురి కుదరాలని దేవుణ్ని పెట్టాననీ, అడిగితే లేదన్నాననీ. ఎప్పుడూ ఎగతాళి చేసే ఆ రైతుల్లో ఒకాయన టోపీ తీసి చేతిలో నలుపుతూ పక్కకు తిరిగాడు. నాన్న నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. దెబ్బ పడుతుందనుకుని కళ్లు మూసుకున్నాను.

"దేవున్ని పెట్టినవ్. నా మీద పావురంతోని, ప్రేమతోని పెట్టినవ్, మంచిదే," అన్నాడు. "అడిగితే చెప్పాలె గదరా కొడుకా. అడిగిన గదరా."

కొట్టి ఉంటే బాగుండేదని నేను చాలా ఏళ్లు అనుకున్నాను.

నాన్న ఇంటికి బయలుదేరబోతే తాత ఆపాడు. ఇప్పుడు వెళితే మళ్లీ రావు, ఒక విడత కాల్చి వెళ్లమన్నాడు. తుపాకిని మరోసారి తెరిచి, ఆకాశం వైపు చూసి, నాన్న చేతికిచ్చాడు. నాన్న దాన్ని అందుకుని, తాత ఇప్పుడే చూశాడని తెలిసీ, తాత కళ్ల ముందే మళ్లీ తెరిచి తానూ చూశాడు. తాతకు ఏమాత్రం కష్టం కలగలేదు. "గ్రాండ్," అని తలూపాడు. ఒకరి చేతి నుంచి అందుకున్నదాన్ని చూసుకోవడం ఆ మనిషిని అనుమానించడం కాదనీ, అక్కడ అది ఒకరికొకరు ఇచ్చుకునే మర్యాదనీ నాన్నకు అప్పుడు అర్థమై ఉండాలి. నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

ఆ రోజు కూడా నాన్నకు ఒక్కటీ తగలలేదు.

ఆ దెబ్బతో నేను అబద్ధాలు మానేశానని రాసుకోగలిగితే ఎంత బాగుండేది! మానలేదు. పెద్దయ్యాక లిమరిక్‌లో ఉద్యోగంలో, చెయ్యని పనిని చేశానన్నాను. కాపురంలోనూ చెప్పాను. నా భార్య దేన్నయినా సరిచూసుకుంటే, "నా మాట మీద నమ్మకం లేదా?" అని ఎగిరిపడిన రోజులున్నాయి. ఆ మాట అనడానికి అందరికంటే తక్కువ హక్కున్నవాణ్ని నేనే. ఒక్కటి మాత్రం మారింది. నోటి నుంచి ఏదైనా మరీ సులువుగా వచ్చేస్తే ఒళ్లు జలదరిస్తుంది. చాలాసార్లు వెనక్కి వెళ్లి, సిగ్గు చంపుకుని, ఇందాక చెప్పింది నిజం కాదని చెప్పి వచ్చాను. అన్నిసార్లూ కాదు.

నాన్న ఇప్పటికీ అత్లోన్‌లోనే ఉంటాడు. నెలకోసారి కారేసుకుని వెళతాను. అమ్మ టీ ఇస్తుంది. ఆయన పేపరు మీద నుంచి చూపు తిప్పకుండా ఎడమ చెయ్యి చాచి కప్పు అందుకుంటాడు. నేను మాట్లాడుతూనే ఉంటాను, పిల్లల గురించీ వాన గురించీ. మాట్లాడుతూనే, ఆయనకు తెలియకుండా, ఆ కప్పు చుట్టూ ఉన్న వేళ్లను లెక్కపెట్టుకుంటాను.