పెద్దనాన్న నడక, పెద్దమ్మ నిఘా

మా పెద్దమ్మ ధనం ఎవరినీ ఓ పట్టాన నమ్మదు. కొత్తిమీర కొంటే కట్ట విప్పి లోపలి కాడలు చూస్తుంది. షేర్ ఆటో ఎక్కితే డ్రైవర్‌ని నీది ఏ ఊరు, మీ నాన్న ఎవరు అని ఆరా తీస్తుంది, దిగేటప్పుడు మాత్రం రెండిళ్ళ ఇవతలే దిగుతుంది, వాడికి మన ఇల్లు తెలియకూడదని. డాక్టర్ డబ్బు తీసుకోకుండా మాత్రలిస్తే నా చేత గడువు తేదీ చదివిస్తుంది. నేను చదివింది సరో కాదో మళ్ళీ మా అమ్మను అడుగుతుంది. పక్కిల్లే కాబట్టి ఇవన్నీ మాకు అలవాటే.

అలాంటి మనిషికి పోయిన నెల కట్టుకున్న మొగుడి మీదే అనుమానం పుట్టింది. పెద్దనాన్న పేరు కె.ఎస్. వేంకటసుబ్రహ్మణ్య రాజా. నూలు మిల్లు టైమ్ ఆఫీసులో ముప్పై మూడేళ్ళు కుర్చీలో కూర్చుని రిటైరయ్యాడు. ఇంటికొచ్చి వసారాలో ఇంకో కుర్చీ వేసుకున్నాడు. సుగర్ పెరిగింది. రోజూ ముప్పావుగంట నడవాల్సిందేనని డాక్టర్ జెన్సి తేల్చి చెప్పింది. మధురై నుంచి తెల్ల బూట్లు తెప్పించుకుని నడక మొదలుపెట్టాడు. పొద్దున ఆరింటికి వెళ్ళి ఏడింటికి తిరిగొచ్చేవాడు.

మూడు నెలలైనా సుగర్ దిగలేదు. ఒక ఆదివారం పెద్దమ్మ ఆ బూట్లు రెండూ పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"అభిరామీ, దీని అడుగు చూడు. గీతలు ఒక్కటైనా అరిగి ఉండాదా?"

తిప్పి చూశాను. కొన్న రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

"చొక్కా తడవలేదు. ఆయాసం లేదు. గంటసేపు నడిచినోడు ఇట్లానా వస్తాడు? యాడనో పోయి కూచుంటా ఉండాడు."

"టీ కడలో, బెంచీ మీద కూచుంటాడేమో పెద్దమ్మా."

"టీ తాగింటే వాసన వస్తాది గదా. చూసినాను."

ఎలా చూసిందో నేను అడగలేదు.

ఆమె ఆలోచన ఎటు పోతోందో నాకు తెలుసు. సౌభాగ్యం అని, పెద్దనాన్నకు సొంత మేనమామ కూతురు. తరాల కిందట తమిళనాట స్థిరపడ్డ మా తెలుగువాళ్ళలో మేనమామ కూతురంటే పుట్టినప్పుడే ఖాయమైన పెళ్ళాం. జాతకాలు కుదరక ఆ సంబంధం తప్పిపోయి మా పెద్దమ్మ వచ్చింది. ఇది ముప్పై నాలుగేళ్ళ కిందటి మాట. సౌభాగ్యం భర్త పోయాక ఈ మధ్యే సత్రపట్టి రోడ్డులో ఇల్లు కట్టుకుంది. పెద్దనాన్న రోజూ వెళ్ళేదీ ఆ రోడ్డుకే. పెద్దమ్మకు ఇంకేం కావాలి?

"నువ్వే వెనకాల పోయి చూసుకో" అన్నాను విసుగొచ్చి.

"మనింటి ఆడోళ్ళు పని లేకుండా వీధిలో నడిచేది యాడైనా ఉండాదా?"

మా వాళ్ళకు ఇదొక జబ్బు. గుడికో పెళ్ళికో అయితే సరే. ఊరికే చేతులూపుకుంటూ నడిచే ఆడదాన్ని చూస్తే ఇంట్లో ఏం గొడవో అనుకుంటారు. పెద్దమ్మకూ మోకాళ్ళ నొప్పులే, ఆమెనూ నడవమనే చెప్పింది డాక్టర్. ఏనాడూ గడప దాటలేదు. ఇప్పుడు మాత్రం పని కల్పించుకుంది. పాల క్యాను ఒకటి చేత్తో పట్టుకుని మర్నాడు పొద్దున బయల్దేరింది. పాలు మా వీధిలో అందరికీ ఇంటి దగ్గరికే వస్తాయి.

ఏడున్నరకు వచ్చి మా వంటింట్లో చతికిలబడింది. పెద్దనాన్న ఎనిమిది ఇళ్ళు దాటగానే ఆగి, ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాడట. రెండు మూడు నిమిషాలు మాట్లాడి కదిలాడట. కాస్త దూరం పోగానే మళ్ళీ ఫోన్. బ్యాండేజీ గుడ్డ గోడౌన్ ముందు మళ్ళీ ఫోన్.

"ఏడు తూర్లు మాట్లాడినాడే! నాతో ఒక్క దినంలో అన్ని తూర్లు ఎప్పుడు మాట్లాడినాడు?"

నాకు నవ్వొచ్చింది. కానీ ఇచ్చిన కాఫీ తాగకుండా పక్కన పెట్టేసింది. ఈ వయసులో మొగుడు చేజారిపోతాడని నిజంగానే భయపడుతోంది. నవ్వు మింగేశాను.

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే ఫోన్ కొంగులో దాచి తెచ్చింది. వెతికి చూశాను. పొద్దున ఆరు, ఏడు మధ్య ఒక్క కాల్ కూడా లేదు. వెనకటి రోజుల్లోనూ లేదు.

"తుడిచేసినాడు" అంది.

"పెద్దనాన్నకు అదంతా ఎక్కడ వస్తుంది?"

"ఆ సౌభాగ్యమే నేర్పించి ఉంటాది."

మర్నాడు సాక్షిగా నన్ను లాక్కుపోయింది. గోడౌన్ ఎదుట నిలబెట్టిన లారీ చాటున నక్కాము. పెద్దనాన్న వచ్చాడు, ఆగాడు, ఫోన్ చెవికి పెట్టుకుని తల ఊపుతూ ఊ కొడుతున్నాడు. పెద్దమ్మ తన ఫోన్ నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడు కొట్టు. లైను బిజీ అని వస్తే దొరికిపోయినాడు."

కొట్టాను. బిజీ రాలేదు. ఆయన చెవి దగ్గరే ఫోన్ గణగణా మోగింది. అదిరిపడి దాన్ని చూసుకున్నాడు, ధనం అని ఉంది. ఏం చెయ్యాలో తోచక అటూ ఇటూ చూస్తుంటే, లారీ వెనక నుంచి పాల క్యానుతో పెద్దమ్మ బయటికి వచ్చింది.

"ఎవరితో మాట్లాడతా ఉండారు?"

ఆయన ఫోన్ జేబులో వేసుకున్నాడు. గోడకు ఆనుకుని వంగి ఎడమ పిక్క పట్టుకున్నాడు.

"నడవలేనే ధనం. నూరడుగులు వేస్తే పిక్క పిండేస్తాది. నిలబడితే పోతాది. మళ్ళా నడిస్తే మళ్ళా పట్టుకుంటాది. రోడ్డులో సుమ్మా, ఊరికే నిలబడితే పోయేవాళ్ళంతా ఏమైంది రాజా అంటారు. ఫోను చెవిలో పెట్టుకుంటే ఎవురూ అడగరు."

"డాక్టరమ్మకు చెప్పేదానికేమి?"

"మా అన్నకు ఇట్లానే మొదలైనాది. మోకాలి పైకి తీసేసినారు. చెప్తే నాకూ తీసేస్తారు."

పెద్దమ్మ ఆ గోడౌన్ మెట్టు మీదే కూర్చుండిపోయింది. సౌభాగ్యమే అయినా బాగుండేదని ఆ సాయంత్రం నాతో అంది. దానితో అయితే పోట్లాడి ఉండేదాన్నే, ఈ కాలితో ఎట్లా పోట్లాడేది అని ఏడ్చింది.

ఆ వారమే బలవంతంగా ఆస్పత్రికి తీసుకెళ్ళాము. డాక్టర్ జెన్సి పాదం మీద వేళ్ళు పెట్టి నాడి చూసింది, పరీక్షలు చేయించింది. కాలికి నెత్తురు పోయే గొట్టాలు సన్నబడ్డాయట. సుగర్ ఒక కారణం, మిల్లు రోజుల సిగరెట్లు ఒక కారణం, ఇన్నేళ్ళు కదలకుండా కూర్చోవడం ఇంకొకటి.

"కాలు తీసేంత దూరం రాలేదు. రాకూడదంటే మందులు వేసుకోవాలి, నడవాలి. నొప్పి వచ్చేదాకా నడవండి, నిలబడండి, తగ్గాక మళ్ళీ నడవండి" అంది తమిళంలో.

"నొప్పి పుట్టించేదే మందంట. ఈమె చదివినాదా లేదా?" పెద్దమ్మ నా చెవిలో గొణిగింది.

డాక్టర్ ఇంకో ప్రశ్న వేసింది. ఇంట్లో రోజుకు ఎన్నిసార్లు కుర్చీలోంచి లేస్తారు?

పెద్దనాన్న ఆలోచించాడు. "బాత్‌రూముకు. ఇంక దేనికి లేయాల? నీళ్ళు, కాఫీ, సాపాటు, పేపరు, కండ్లద్దాలు, అన్నీ ఉన్న తావుకే వస్తాయి. ధనం అంటే చాలు." ఇదంతా కాస్త గొప్పగానే చెప్పాడు. మా ఇళ్ళలో మగవాడు నీళ్ళకోసం లేస్తే పెళ్ళానికి నామర్దా.

డాక్టర్ పెన్ను కింద పెట్టింది. పెద్దమ్మ వైపు చూసింది. ఇంటికి వచ్చేటప్పుడు ఆటో డ్రైవర్‌ని పెద్దమ్మ ఊరూ పేరూ ఏదీ అడగలేదు.

ఆ సాయంత్రం నేను వాళ్ళ వంటింట్లోనే ఉన్నాను. వసారాలోంచి కేక వినిపించింది.

"ధనం, నీళ్ళు."

పెద్దమ్మ చేయి చెంబు మీదికి దానంతటదే పోయింది. వెనక్కి లాక్కుంది. రెండోసారి పిలిచాడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది.

"చెవుడా నీకు?" అని మూడోసారి అరిచాడు.

"నేను ఇచ్చేస్తాలే పెద్దమ్మా" అన్నాను.

"నువ్వు పోతే నీ కాలిరగ్గొడతా." కళ్ళ నిండా నీళ్ళు. "ఇన్నేండ్లు నేను మోసి మోసే గదే ఆ కాలు ఇట్లా అయినాది."

కుర్చీ కిర్రుమంది. పెద్దనాన్న ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి, మా ఇద్దరినీ చూసి, నీళ్ళు తనే ముంచుకుని తాగాడు. చెంబు ఠంగున పెట్టి వెళ్ళిపోయాడు. ఆ పూట నుంచి ఆమెతో మాట మానేశాడు.

మాట మానేశాడు కాబట్టి దేన్నీ అడగడు. నీళ్ళకు తనే లేస్తాడు, పేపరుకు గేటు దాకా తనే పోతాడు, కళ్ళద్దాలు ఇల్లంతా తిరిగి వెతుక్కుంటాడు. పొద్దున నడకకు వెళితే పెద్దమ్మ నాలుగు గజాల వెనక ఉత్త చేతులతో నడుస్తుంది. ఆయన ఆగితే ఆగుతుంది, కదిలితే కదులుతుంది. ఇద్దరి మధ్యా ఒక్క మాట ఉండదు.

ఇవాళ్టికి పదకొండు రోజులు. పెళ్ళయినప్పటి నుంచి ఇంత కాలం మాట లేకుండా ఉన్నది లేదట. రాత్రి అన్నం సహించడం లేదని మా అమ్మతో చెప్పుకుంది. చూడలేక నేనే అన్నాను, పోయి ఒక మంచి మాట చెప్పి రాజీ పడు పెద్దమ్మా అని.

"ఊరుకోవే" అంది, కళ్ళు తుడుచుకుంటూ. "కోపం దిగితే మళ్ళా కూచుంటాడు."